అమైనోగ్లైకోసైడ్లు

అమైనోగ్లైకోసైడ్లు బాక్టీరియాను చంపే ఒక తరగతి యాంటీబయాటిక్‌లు. స్ట్రెప్టోమైసిన్, నియోమైసిన్, కనామైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ వీటిలో ముఖ్యమైనవి. వీటిని రోగాల చికిత్సకే కాక, ప్రయోగశాలల్లో పెంచే కణాలకు బాక్టీరియా సోకకుండా కాపాడటానికీ వాడతారు.

చరిత్ర

1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఆల్బర్ట్ షాట్జ్ 'స్ట్రెప్టోమైసెస్ గ్రీసియస్' అనే మట్టి బాక్టీరియా నుంచి స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశారు. క్షయను నయం చేయగలిగిన తొలి యాంటీబయాటిక్ ఇదే. ఈ ఆవిష్కరణకు 1952లో నోబెల్ బహుమతి వాక్స్‌మన్ ఒక్కరికే దక్కింది. జపాన్‌లో హమావో ఉమెజావా బృందం 1957లో కనామైసిన్‌ను ప్రకటించింది. 1963లో జెంటామైసిన్ వెలుగులోకి వచ్చింది.

పనిచేసే తీరు

ఈ మందులు బాక్టీరియా రైబోసోమ్‌లోని 30ఎస్ ఉపభాగానికి అతుక్కుంటాయి. దాంతో జన్యు సందేశం తప్పుగా చదవబడి, పనికిరాని ప్రొటీన్లు తయారై కణం చచ్చిపోతుంది. మందు లోపలికి చేరే ప్రక్రియకు ఆక్సిజన్ అవసరం కాబట్టి, ఆక్సిజన్ లేనిచోట పెరిగే బాక్టీరియాపై ఇవి పనిచేయవు. మందు అణువును మార్చేసే ఎంజైములు సంపాదించుకున్న బాక్టీరియా వీటికి లొంగదు.

సెల్ కల్చర్‌లో వినియోగం

కణాలను పెంచే పోషక ద్రవంలో గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, సీరం ఉంటాయి. 37 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో అది బాక్టీరియాకూ అనువైన ఆహారమే. ఫ్లాస్కులో బాక్టీరియా పడితే, తేటగా ఎర్రగా ఉన్న ద్రవం తెల్లారేసరికి మసకబారి పసుపుపచ్చగా మారిపోవచ్చు. బాక్టీరియా విడిచే ఆమ్లాల వల్ల ఫినాల్ రెడ్ సూచిక రంగు మారడమే ఇందుకు కారణం.

దీన్ని అరికట్టడానికి సాధారణంగా మిల్లీలీటరుకు 100 యూనిట్ల పెన్సిలిన్‌తో పాటు 100 మైక్రోగ్రాముల స్ట్రెప్టోమైసిన్ కలుపుతారు. బదులుగా 50 మైక్రోగ్రాముల వరకు జెంటామైసిన్ ఒక్కటే వాడేవారూ ఉన్నారు. పెన్సిలిన్ 37 డిగ్రీల వద్ద కొద్దిరోజుల్లోనే బలం కోల్పోతుంది. జెంటామైసిన్ మాత్రం ఆటోక్లేవ్ వేడిని సైతం తట్టుకుంటుంది.

పరిమితులు

ఫంగస్, ఈస్ట్, వైరస్‌లపై ఇవి పనిచేయవు. కణగోడ లేని మైకోప్లాస్మా అనే బాక్టీరియాపై పెన్సిలిన్ ప్రభావం ఉండదు. స్ట్రెప్టోమైసిన్ తోడైనా దాన్ని నిర్మూలిస్తుందన్న భరోసా లేదు. పైగా మైకోప్లాస్మా ద్రవాన్ని మసకబార్చదు కాబట్టి పీసీఆర్ లేదా డీఎన్‌ఏ రంజకాలతో పరీక్షించాల్సిందే. యాంటీబయాటిక్ నిరంతరం వాడితే కొద్దిపాటి కాలుష్యం బయటపడకుండా దాగి, ప్రయోగ ఫలితాలనే తప్పుదోవ పట్టిస్తుంది.

అందువల్ల అవయవాల నుంచి అప్పుడే తీసిన కణాలకు ఈ మందులు అవసరమే అయినా, స్థిరపడిన కణశ్రేణులను వీలైనంతవరకు మందు లేకుండా పెంచడం మంచిది. కాలుష్యం సోకిన ఫ్లాస్కును క్రిమిరహితం చేసి పారవేయాలి. భద్రపరిచిన శుభ్రమైన కణాలతో మళ్లీ మొదలుపెట్టాలి. క్రిమిరహిత పద్ధతులను కచ్చితంగా పాటించడమే అసలైన రక్షణ.