బొగ్గు సెస్సు: పరిశోధన పేరిట వసూలు, ఖజానాలో విలీనం

2010 ఫిబ్రవరి 26న నాటి ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ బడ్జెట్ ప్రసంగంలో జాతీయ స్వచ్ఛ ఇంధన నిధిని ప్రకటించారు. స్వచ్ఛ ఇంధన సాంకేతికతలలో పరిశోధనకు, వినూత్న ప్రాజెక్టులకు ధనసహాయం చేయడం దాని ఉద్దేశం. అందుకు దేశంలో తవ్వే బొగ్గుపైనా, దిగుమతి చేసుకునే బొగ్గుపైనా టన్నుకు 50 రూపాయల సెస్సు ఆ ఏడాది జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. కాలుష్యానికి కారణమైనవారే దాని నివారణకు మూల్యం చెల్లించాలన్న సూత్రం భారత పన్నుల వ్యవస్థలో ఇంత స్పష్టంగా కనిపించిన సందర్భాలు అరుదు.

ప్రత్యామ్నాయ ఇంధనాలపై కేంద్రం దృష్టి సారించడం అదే మొదలు కాదు. 1973 నాటి చమురు సంక్షోభం నేర్పిన పాఠంతో 1981లో అదనపు ఇంధన వనరుల కమిషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగం వెలసింది. 1992లో అది ప్రత్యేక మంత్రిత్వశాఖ అయింది. 2006లో నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వశాఖగా పేరు మార్చుకుంది. ఈ పాతికేళ్లలోనూ వ్యవస్థలకు కొదవ లేదు, కొరవడింది నిలకడైన నిధులే. 2010 నాటి సెస్సు ఆ లోటు తీరుస్తుందని శాస్త్రవేత్తలు ఆశపడటంలో వింత లేదు.

సెస్సు పెరిగిన వేగం ఆ ఆశను పెంచింది. 2014లో టన్నుకు 100, 2015లో 200, 2016లో 400 రూపాయలకు చేరింది. పార్టీలు మారినా, ప్రభుత్వాలు మారినా వసూలు విషయంలో మాత్రం ఏకాభిప్రాయమే. 2016లో దాని పేరు కూడా స్వచ్ఛ పర్యావరణ సెస్సుగా మారింది. పరిధి విస్తరించిన కొద్దీ పరిశోధన అన్న మాట పలుచబడింది. గంగా ప్రక్షాళన వంటి కార్యక్రమాలకూ, మంత్రిత్వశాఖల సాధారణ పథకాలకూ ఈ నిధి ఆసరా అయింది. అవి అవసరమైనవే కావచ్చు, కానీ సెస్సు విధించినప్పుడు చెప్పిన కారణం అది కాదు.

లెక్కలు మరింత నిష్ఠురమైనవి. 2010–11 నుంచి 2017–18 వరకు వసూలైన బొగ్గు సెస్సు సుమారు 86,440 కోట్ల రూపాయలు. అందులో స్వచ్ఛ ఇంధన నిధికి బదిలీ అయినది సుమారు 29,645 కోట్లు. వాస్తవంగా వినియోగమైనది 15,911 కోట్లు మాత్రమే. అంటే వందకు 19 రూపాయలైనా గమ్యం చేరలేదు. దీనికి దారి చూపినది రాజ్యాంగ ఏర్పాటే. సెస్సు సొమ్ము ముందుగా కేంద్ర సంచిత నిధిలో జమ అవుతుంది; పార్లమెంటు కేటాయిస్తేనే ప్రత్యేక నిధికి చేరుతుంది. కేటాయించకపోతే అది సాధారణ రాబడిలో కలిసిపోతుంది. పైగా సెస్సులలో రాష్ట్రాలకు వాటా లేదు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా గనుల బొగ్గుపైనా, తెలంగాణలో సింగరేణి బొగ్గుపైనా వసూలైన సొమ్ము ఢిల్లీకే చేరింది. విద్యుత్ ధరలో కలిసి ఆ భారం చివరికి వినియోగదారుడిపైనే పడింది.

2017 జులై 1న జీఎస్టీ రాకతో స్వచ్ఛ పర్యావరణ సెస్సు రద్దయింది. అదే 400 రూపాయలు జీఎస్టీ పరిహార సెస్సుగా కొనసాగాయి. బొగ్గు నుంచి వచ్చిన డబ్బు రాష్ట్రాల పన్ను నష్టాన్ని పూడ్చడానికి మళ్లింది. 2025 సెప్టెంబరు 22 నుంచి బొగ్గుపై ఆ పరిహార సెస్సూ తొలగి, జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. బొగ్గుపై పన్ను నిలిచింది. పరిశోధనతో దానికున్న ముడి తెగిపోయింది.

నష్టం ఎంతో తెలియాలంటే భారతీయ బొగ్గు స్వభావాన్ని చూడాలి. అందులో బూడిద 30 నుంచి 45 శాతం. విదేశీ గ్యాసిఫికేషన్ యంత్రాలలో అధికభాగం తక్కువ బూడిద బొగ్గు కోసం రూపొందినవి. ఈ దేశపు బొగ్గుకు తగిన విజ్ఞానం ఈ దేశంలోనే పుట్టాలి. బీహెచ్‌ఈఎల్ తిరుచ్చిలో 6.2 మెగావాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని ఎన్నడో నిర్మించింది. దానిని పెద్దస్థాయికి తేవడానికి విజయవాడలో తలపెట్టిన ప్రాజెక్టు కాగితాలు దాటలేదు. హైదరాబాద్‌లోని బీహెచ్‌ఈఎల్ పరిశోధన కేంద్రం అధిక బూడిద బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మెథనాల్ తీయగల యూనిట్‌ను నిర్మించినది 2021లో. దానికి అందిన సాయం 10 కోట్ల రూపాయలు. ఏటా వేల కోట్లు సెస్సుగా సమకూరిన దేశంలో ఈ అంకె ఆలోచింపజేయాలి.

2023 జనవరిలో ఆమోదం పొందిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ వ్యయం 19,744 కోట్లు. ఉత్పత్తి ప్రోత్సాహకాలకు 17,490 కోట్లు కేటాయించగా, పరిశోధన, అభివృద్ధికి దక్కినవి 400 కోట్లు, అంటే దాదాపు రెండు శాతం. సౌరరంగంలో దేశం ఇదే దారిలో నడిచింది. విద్యుత్ కేంద్రాలు వేగంగా లేచాయి, వాటి ఫలకాలలో అధికభాగం ఏళ్ల తరబడి చైనా నుంచి వచ్చాయి. తరువాత 2022లో దిగుమతి ఫలకాలపై 40 శాతం సుంకం విధించవలసి వచ్చింది.

2025 జులైలో కేంద్రం లక్ష కోట్ల రూపాయలతో పరిశోధన, అభివృద్ధి, నవకల్పన పథకాన్ని ఆమోదించింది. ఇంధన భద్రత అందులో ఒక అంశం. అంకె ఘనమైనదే, కానీ 2010 నాటి అంకెలూ చిన్నవి కావు. ఏ ప్రయోజనం పేరు చెప్పి సొమ్ము సమకూర్చారో, దానికి ఏటా ఎంత ఖర్చయిందో, ఏ ప్రయోగశాలలో ఏ ఫలితం వచ్చిందో పార్లమెంటు ముందుంచే బాధ్యతను చట్టంలోనే రాసి ఉంటే బొగ్గు సెస్సు కథ వేరుగా ఉండేది. ఆ నిబంధన కోరవలసిన సమయం సొమ్ము ఖర్చు కాకముందే.