దైవశాస్త్రము – పరిణామవాదము : ఒక సంవాద చరిత్ర

మానవుడు ఎక్కడినుండి వచ్చాడన్న ప్రశ్న మానవజాతి అంత పురాతనమైనది. ఆ ప్రశ్నకు మతం ఒక విధంగాను, విజ్ఞానశాస్త్రం ఒక విధంగాను సమాధానం చెప్పాయి. ఈ రెండు సమాధానాలూ ఆజన్మ శత్రువులని, చార్లెస్ డార్విన్ గ్రంథం వెలువడిన నాటినుండి చర్చి ఒకవైపు, ప్రయోగశాల మరొకవైపు నిలిచి పోరాడుతున్నాయని విద్యావంతులు సైతం భావించడం పరిపాటి. 1874లో జాన్ విలియం డ్రేపర్, 1896లో ఆండ్రూ డిక్సన్ వైట్ రచించిన గ్రంథాలు ఈ యుద్ధకథకు విస్తృత ప్రచారం కల్పించాయి. కాని ఆనాటి వ్యక్తుల జీవితాలను, వారి ఉత్తర ప్రత్యుత్తరాలను పరిశీలించినవారికి వేరొక చిత్రం గోచరిస్తుంది. భేదాభిప్రాయం చర్చి లోపలా ఉంది, శాస్త్రజ్ఞుల మధ్యా ఉంది, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి హృదయంలోనూ ఉంది.

చర్చికి, దేవాలయానికి, మసీదుకు వెళ్ళే కుటుంబాల బిడ్డలు ఒకే బల్లపై కూర్చుని చదువుకొనే మన వంటి పాఠశాలకు ఈ చరిత్ర తెలియడం అవసరం. ఇంట్లో విన్నది నిజమా, పుస్తకంలో ఉన్నది నిజమా అని అడిగే బిడ్డకు మనం ఏమి చెబుతామన్నది చిన్న విషయం కాదు.

కేంబ్రిడ్జిలో గురువులు

1809లో ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో జన్మించిన డార్విన్ మొదట ఎడింబరోలో వైద్యవిద్యలో చేరి, అది గిట్టక విడిచిపెట్టాడు. తండ్రి అతనిని మతగురువును చేయదలచి 1828లో కేంబ్రిడ్జికి పంపాడు. అక్కడ అతనికి వృక్షశాస్త్రంలో గురువైన జాన్ స్టీవెన్స్ హెన్‌స్లో, భూగర్భశాస్త్రంలో మార్గదర్శి అయిన ఆడమ్ సెడ్జ్‌విక్ ఇద్దరూ ఆంగ్లికన్ సంఘపు గురువులే. బీగిల్ నౌకలో ప్రయాణించే అవకాశం అతనికి హెన్‌స్లో సిఫారసు వల్లనే లభించింది.

ఆ రోజుల్లో విలియం పేలీ 1802లో ప్రకటించిన ప్రకృతి దైవశాస్త్ర గ్రంథం విద్యార్థులపై గొప్ప ప్రభావం చూపేది. నేలమీద ఒక గడియారం దొరికితే దానిని చేసినవాడు ఒకడుంటాడని మనం ఊహిస్తాము. అంతకంటె సూక్ష్మమైన కన్నును, రెక్కను చూచినప్పుడు సృష్టికర్తను ఊహించవద్దా అన్నది పేలీ వాదన. యువకుడైన డార్విన్ దానిని చదివి ముగ్ధుడయ్యాడు. అవయవానికీ దాని పనికీ గల పొందికను శ్రద్ధగా గమనించే అలవాటు ఆయనలో బలపడడానికి పేలీ కూడా కారణమే. 1831 నుండి 1836 వరకు సాగిన నౌకాయాత్రలో సేకరించిన ఆధారాలను ఇరవై ఏళ్లకు పైగా మథించిన పిమ్మట, అదే పొందికకు ఆయన వేరొక కారణం చూపాడు. జీవులు బ్రతకగలిగిన దానికంటె ఎక్కువ సంఖ్యలో పుడతాయి. వాటిలో స్వల్ప భేదాలుంటాయి. పరిసరాలకు అనుకూలమైన భేదాలు గలవి ఎక్కువగా మిగిలి సంతానం కంటాయి. ఆ భేదాలు తరతరాలుగా పేరుకొని కొత్త జాతులు ఏర్పడతాయి. ఇదే ప్రకృతి వరణం. 1859 నవంబరు 24న వెలువడిన 'జాతుల ఉత్పత్తి' గ్రంథసారం ఇదే.

పూర్వపు గురువు సెడ్జ్‌విక్ ఆ పుస్తకం చదివి, సంతోషం కంటె బాధ ఎక్కువగా కలిగిందని శిష్యునికి వ్రాశాడు. కాని మరొక గురువు, రచయిత చార్లెస్ కింగ్స్‌లీ అదే నవంబరులో వ్రాసిన ఉత్తరం పూర్తిగా భిన్నమైనది. అవసరమైన రూపాలుగా తమంతట తామే వికసించగల మూలజీవులను దేవుడు సృష్టించాడనుకోవడం, తాను విడిచిన ఖాళీలను పూరించడానికి ఆయన మాటిమాటికి జోక్యం చేసుకొన్నాడనుకోవడం కంటె ఏమాత్రం తక్కువ భావన కాదని ఆయన అభిప్రాయం. డార్విన్ ఈ మాటలకు ఎంతో సంతోషించి, 1860 జనవరిలో వెలువడిన రెండవ ముద్రణలో, పేరు చెప్పకుండా, వాటిని చేర్చుకొన్నాడు.

ఆక్స్‌ఫర్డులో రెండు రోజులు

1860 జూన్ 30, శనివారం నాడు ఆక్స్‌ఫర్డులో బ్రిటిష్ అసోసియేషన్ సభ జరిగింది. అధ్యక్షత వహించినవాడు హెన్‌స్లో. బిషప్ శామ్యూల్ విల్బర్‌ఫోర్స్ డార్విన్ సిద్ధాంతాన్ని ఖండించగా, థామస్ హక్స్‌లీ, జోసెఫ్ హుకర్ దానిని సమర్థించారు. హక్స్‌లీ కోతి సంతతి తాతవైపు నుండా, అవ్వవైపు నుండా అని బిషప్ పరిహాసమాడినట్లు, హక్స్‌లీ దానికి ఘాటైన జవాబిచ్చినట్లు ఒక కథ లోకమంతటా వ్యాపించింది. ఆనాటి మాటలను అక్షరశః వ్రాసి ఉంచినవారు లేరు. విల్బర్‌ఫోర్స్ అజ్ఞాని కూడా కాడు. గణితంలో ప్రథమశ్రేణి సాధించినవాడు. ఆ సిద్ధాంతంపై ఆయన వ్రాసిన సమీక్షను చదివి, అది తెలివైనదని, తన కష్టమైన ఘట్టాలను నేర్పుగా ఏరి చూపిందని డార్విన్ స్వయంగా ఒప్పుకొన్నాడు.

ఆ మరునాడు, జూలై 1, ఆదివారం జరిగినదాన్ని మాత్రం చాలామంది స్మరించరు. అదే ఆక్స్‌ఫర్డులో, విశ్వవిద్యాలయపు చర్చిలో, సభకు వచ్చినవారి ఎదుట ఫ్రెడరిక్ టెంపుల్ ప్రసంగించాడు. అప్పుడాయన రగ్బీ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. విజ్ఞానశాస్త్రం ఇంకా వివరించలేని చోట్లనే దేవుణ్ణి వెదకడం తగదని, ప్రకృతి నియమాలలోనే ఆయన హస్తాన్ని దర్శించాలని బోధించాడు. ఈ మాటలోని వివేకం గమనించదగినది. తెలియని చోటును దేవునికి ఆసనంగా వేసినవారు, ఆ తెలియనిది తెలిసిన ప్రతిసారీ దేవుణ్ణి అక్కడినుండి లేపవలసి వస్తుంది. అటువంటి భక్తి ప్రతి కొత్త పరిశోధనకూ భయపడుతుంది. టెంపుల్ 1884లో ఆక్స్‌ఫర్డులో ఇచ్చిన ఉపన్యాసాలలో పరిణామవాదాన్ని బహిరంగంగా అంగీకరించాడు. అందువలన ఆయన పదవికి భంగం కలుగలేదు సరికదా, 1896లో ఆంగ్లికన్ సంఘంలో అత్యున్నతమైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవికి నియమితుడయ్యాడు.

విశ్వాసి, సంశయవాది

ఈ సంవాదమంతటిలో మిక్కిలి విలువైన భాగం సభలలో గాక ఉత్తరాలలో నడిచింది. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యుడు ఆసా గ్రే దృఢమైన క్రైస్తవ విశ్వాసి. ఆ దేశంలో డార్విన్ పక్షాన ముందుగా నిలిచినవాడూ ఆయనే. ప్రకృతి వరణానికి, దైవ సంకల్పానికి వైరుధ్యం లేదని 1860లో ఆయన వ్రాసిన వ్యాసాలను డార్విన్ తన ఖర్చుతో చిన్న పుస్తకంగా వేయించి పంచాడు.

అంత మాత్రాన డార్విన్ సమాధానపడలేదు. 1851లో పదేళ్ల కుమార్తె ఆనీ మరణం ఆయనను క్రుంగదీసింది. 1860 మే 22న గ్రేకు వ్రాసిన లేఖలో తన బాధను వివరించాడు. లోకంలో దుఃఖం మితిమీరి ఉంది. గొంగళిపురుగు బ్రతికి ఉండగానే దాని దేహాన్ని లోపలినుండి తినివేసే కందిరీగ జాతిని దయామయుడైన దేవుడు కావాలని సృష్టించాడని తాను నమ్మలేకున్నాననీ, అలాగని ఈ అద్భుతమైన విశ్వమంతా గ్రుడ్డి బలానికి ఫలితమనీ అనుకోలేకున్నాననీ చెప్పుకొన్నాడు.

మన వేదాంత గ్రంథాలలో భ్రమరకీటక న్యాయమని ఒకటి కలదు. తుమ్మెద తెచ్చి గూటిలో పెట్టిన పురుగు, దానినే ధ్యానిస్తూ చివరకు తుమ్మెదగా మారుతుందని దాని భావం. గూటిలోనికి వెళ్ళినది పురుగు, వెలుపలికి వచ్చినది రెక్కల జీవి. చూచినవారికి అలా తోచడం సహజమే. నిజానికి లోపల జరుగుతున్నది భోజనం. భక్తుని ఏకాగ్రతకు ఉపమానంగా ఆ న్యాయం ఈనాటికీ అందంగానే ఉన్నది, జీవశాస్త్రంగా నిలువదు. ఏ మాటను ఏ ప్రశ్నకు సమాధానంగా గ్రహించాలో తెలిసినవారికి రెండింటి వలనా నష్టం లేదు.

జీవులలోని భేదాలను దేవుడు మేలువైపు నడిపిస్తున్నాడని గ్రే సూచించగా, డార్విన్ 1868లో ఒక ఉపమానంతో బదులిచ్చాడు. కొండచరియనుండి దొర్లిపడిన రాళ్లను ఏరి ఒకడు ఇల్లు కట్టాడు. ఆ ఇంటికోసమే రాళ్లకు ఆ ఆకారాలు కలిగాయనగలమా అని. ఇద్దరిలో ఎవరూ రెండవవారిని ఒప్పించలేదు. స్నేహం మాత్రం చెడలేదు. 1879లో ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, మనిషి గాఢమైన ఆస్తికుడూ, పరిణామవాదీ కాగలడనడంలో సందేహమే లేదని, తనను మాత్రం అజ్ఞేయవాది అనడం సరిపోతుందని డార్విన్ వ్రాశాడు. 1882 ఏప్రిల్‌లో మరణించిన ఆయనను వెస్ట్‌మినిస్టర్ అబ్బే దేవాలయంలో సమాధి చేశారు.

తరువాతి కాలం

డార్విన్‌కు అంతుపట్టనిది ఒకటి మిగిలింది: లక్షణాలు తల్లిదండ్రులనుండి బిడ్డలకు ఏ నియమం ప్రకారం సంక్రమిస్తాయి? దానికి సమాధానం ఒక మఠం తోటలో దొరికింది. బ్రనో పట్టణంలోని అగస్టీనియన్ సన్యాసి గ్రెగర్ మెండెల్ ఎనిమిదేళ్లపాటు బఠానీ మొక్కలను పెంచి కనుగొన్న నియమాలను 1865లో చదివి వినిపించాడు. లోకం వాటిని గుర్తించినది 1900లో.

ఈ చరిత్రలో చీకటి ఘట్టాలూ లేకపోలేదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 1925లో ప్రభుత్వ పాఠశాలల్లో మానవ పరిణామ బోధనను నిషేధించింది. డేటన్ పట్టణపు ఉపాధ్యాయుడు జాన్ స్కోప్స్‌కు ఆ చట్టం క్రింద 100 డాలర్ల జరిమానా పడింది. 1927లో పై న్యాయస్థానం ఆ తీర్పును సాంకేతిక కారణంతో కొట్టివేసినా, చట్టం 1967 వరకు కొనసాగింది. ప్రాసిక్యూషన్ పక్షాన వాదించిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ భయాలలో ఒకటి మాత్రం కొట్టిపారవేయదగినది కాదు. బలవంతుడు బలహీనుణ్ణి అణచడం ప్రకృతి ధర్మమేనని కొందరు ఈ సిద్ధాంతం పేరున ప్రచారం చేయడం ఆయన చూశాడు. ప్రకృతిలో జరిగేది మనిషికి ధర్మమని విజ్ఞానశాస్త్రం చెప్పదు; ఆ మాట దాని నోట పలికించినవారిదే దోషం.

కాథలిక్ సంఘంలో 1950లో పోప్ పన్నెండవ పయస్ మానవదేహపు పరిణామాన్ని పరిశోధకులు చర్చించుకోవచ్చునన్నాడు. 1996 అక్టోబరులో పోప్ రెండవ జాన్ పాల్, పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ స్థాయిని దాటినదని శాస్త్ర అకాడమీకి పంపిన సందేశంలో అంగీకరించాడు. ఇది ఆధునికులకు లొంగిపోవడం కాదు. ప్రకృతి విషయాలలో తెలిసిన సత్యానికి విరుద్ధంగా గ్రంథం పేరు చెప్పి మాట్లాడితే విశ్వాసమే నవ్వులపాలవుతుందని సెయింట్ అగస్టీన్ క్రీ.శ. 5వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే ఆదికాండ వ్యాఖ్యానంలో హెచ్చరించాడు.

మన తరగతి గది

ఈ వాదం దూరదేశాలదేనని మనం అనుకోవడానికి వీలులేదు. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకంలో పరిణామ భాగం తొలగింపబడినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విద్యాభిమానులు అభ్యంతర లేఖపై సంతకాలు చేశారు. పాఠ్యభారం తగ్గించడానికని కారణం చెప్పారు. పన్నెండవ తరగతిలో ఆ పాఠం ఉన్నమాటా నిజమే. కాని పదవ తరగతి తరువాత జీవశాస్త్రం విడిచిపెట్టే బిడ్డలే ఎక్కువ. వారికి ఆ తలుపు తెరుచుకోకుండానే మూతపడుతుంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. బిడ్డ పరిణామ పాఠం చదివినంత మాత్రాన దేవునికి దూరమవుతాడని భయపడవద్దు. కింగ్స్‌లీ, టెంపుల్, గ్రే ఆ పాఠం చదివిన విశ్వాసులే. సహోపాధ్యాయులకు మనవి: పాఠాన్ని ఆధారాలతో పూర్తిగా చెప్పండి, బిడ్డ ఇంటి ప్రార్థనను పరిహసించకండి. శిలాజాలు, అవయవ నిర్మాణాలు చెప్పే సాక్ష్యం ప్రయోగశాలలో పరీక్షకు నిలుస్తుంది. బ్రతుకుకు అర్థమేమిటన్న ప్రశ్న అక్కడ తేలేది కాదు. దాన్ని బిడ్డ జీవితమంతా అడుగుతూనే ఉంటాడు.

75 ఏళ్లుగా ఈ విద్యాలయం మాతృభాషలో ప్రశ్నించడం నేర్పింది. ప్రశ్నించినందుకు ఏ బిడ్డా తన ఇంటినో, తన పాఠాన్నో వదులుకోవలసిన అగత్యం లేకుండా చూడడం రాబోయే సంవత్సరాలలో మనందరి బాధ్యత.