బాలింత పథ్యము – చనుబాలు

నా బాల్యమున మా యింట బాలింతకు పాతబియ్యపు అన్నమును, వెల్లుల్లి కారమును తప్ప వేఱొకటి పెట్టెడివారు కారు. పప్పు చేయదు, పెరుగు చేయదు అనుచుండిరి. అది శాస్త్రమే యని నేనును నమ్మితిని.

పిమ్మట సుశ్రుతసంహితను చదివితిని. ఆహారరసమే స్తన్యమగునని అందు కలదు. కోపశోకములచేతను, బిడ్డపై వాత్సల్యము లేమిచేతను పాలు నశించుననియు, శాలిధాన్యము, యవలు, గోధుమలు, మాంసరసము, చేపలు, వెల్లుల్లి మున్నగునవి పాలను వృద్ధిచేయుననియు సుశ్రుతుడు చెప్పెను. మనవారు అన్నమును, వెల్లుల్లిని నిలిపికొని తక్కినవానిని విడిచిరి!

ఇంతలో మరబియ్యము వచ్చెను. తవుడుతోపాటు బి1 విటమిను పోయెను. పప్పు ఆ లోటును కొంత తీర్పగలది. బాలింతకు దానినే నిషేధించితిమి. ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాపించెను. తల్లికి లేని విటమిను పాలలోను ఉండదు. చనుబాలు త్రాగుచునే పసికందులు కొన్ని నెలల ప్రాయమున గుండె చెడి మరణించిరి. ఈ ప్రాంతపు శిశుమరణములను గూర్చి కూనూరు పరిశోధకులు 1941లో ప్రకటించిరి.

1958లో డాక్టరు గోపాలన్‌గారు పేదతల్లుల స్తన్యమును గూర్చిన తమ పరిశోధనలను వెలువరించిరి. అరకొర తిండి తినియు తల్లి పాలిచ్చుచునే యుండును. కాని ఆ పాలలో విటమినులు తఱుగును, ఆమె దేహము క్షీణించును.

కావున పాలున్నవి గదా యని తృప్తిపడకుడు. బాలింత విస్తరిలో పప్పును, ఆకుకూరను, పెరుగును వడ్డింపుడు. పథ్యము విధించు పెద్దలము మనమే, సడలింపవలసినదియు మనమే.