తిరుమల శృంగార సంకీర్తనలలో వంచిత స్త్రీ స్వరము: దాంపత్య ద్రోహముపై ఒక చారిత్రక పరిశీలన

నమ్మినవాని చేత వంచింపబడిన వ్యక్తి దుఃఖము ఏ ఒక్క సంస్కృతికో పరిమితమైనది కాదు. ఇశ్రాయేలు ప్రవక్తల గ్రంథములలోను, గ్రీకు నాటకములలోను, మన తెలుగు పదములలోను అది వినబడుచున్నది. మానవ హృదయములోని దురాశయే దీనికి కారణమని మనము సాధారణముగా చెప్పుదుము. అది నిజమే గాని సంపూర్ణ సమాధానము కాదు. ఆ దురాశకు సమాజము ఎవరికి అనుమతినిచ్చినది, ఎవరి నోరు మూసినది అనునది చరిత్ర అడుగవలసిన ప్రశ్న.

రాగిరేకుల సాక్ష్యము

తాళ్లపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయములో భద్రపరచబడినవి. వాటిలో ఆధ్యాత్మ సంకీర్తనలకంటె శృంగార సంకీర్తనలే అధికము. అనేక పదములలో స్త్రీయే మాటలాడును. వేరొకతె యొద్దనుండి వచ్చిన నాయకుని ఆమె నిలదీయును. అట్టి స్త్రీని అలంకారికులు 'ఖండిత' అనిరి. పలువురు స్త్రీలయెడల సమానముగా మెలగు పురుషుని 'దక్షిణ నాయకుడు' అనిరి. పురుషుని చాపల్యమునకు మర్యాదగల పేరు దొరికినది. స్త్రీ గాయము ఒక రసావస్థగా లెక్కింపబడినది.

భక్తులు ఈ పదములను పరమాత్మకొరకు జీవాత్మ పడు వేదనగా గ్రహింతురు. ఆ భావమును గౌరవించుచునే మనము ఒకటి గమనింపవలెను: పోలిక ఇంటినుండి వచ్చినది. వినువారికి ఆ బాధ తెలిసినది గనుకనే అది వారి హృదయములను తాకినది.

ఏకనిష్ఠ ఎవరికి?

సాళువ నరసింహరాయలు తనపై పదము చెప్పుమనగా అన్నమాచార్యుడు నిరాకరించెనని ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్ర తెలుపుచున్నది. దైవభక్తిలో ఏకనిష్ఠ అంత విలువైనది. అయితే ఆ కాలపు దాంపత్యములో ఏకనిష్ఠ భార్య ధర్మమే గాని భర్తకు విధి కాదు. అన్నమాచార్యునికి ఇద్దరు భార్యలు. తిరుమల ఆలయములో శ్రీకృష్ణదేవరాయల విగ్రహము తిరుమలదేవి, చిన్నాదేవి అను ఇద్దరు రాణుల నడుమ నిలిచియున్నది. నాటి ఆచారము ప్రకారము ఇది ద్రోహము కాదు. భర్త తనకే చెందవలెనని అడుగు హక్కు భార్యకు లేదు. పాటలో మాత్రమే ఆమె అడుగగలిగెను.

చిత్తూరు జిల్లా అప్పుడు భాగమైయుండిన మద్రాసు రాష్ట్రములో హిందువుల ద్విభార్యత్వము 1949లో నిషేధింపబడెను; 1955 హిందూ వివాహ చట్టము దానిని దేశమంతటికి వర్తింపజేసెను. 1860 నాటి భారత శిక్షాస్మృతి 497వ సెక్షను పరభార్యను కూడిన పురుషుని శిక్షించెను గాని, అతని సొంత భార్యకు ఫిర్యాదు చేయు హక్కు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు 2018లో ఆ సెక్షనును కొట్టివేసెను.

మన ఇంటి లెక్క

ఈ పక్షపాతము ఇతరులది మాత్రమే అనుకొనరాదు. క్రైస్తవులకు వర్తించిన 1869 విడాకుల చట్టము క్రింద భార్య వ్యభిచారము ఒక్కటే భర్తకు చాలెను. భార్యకైతే భర్త వ్యభిచారముతోపాటు క్రూరత్వమో, పరిత్యాగమో, అట్టి మరియొక దోషమో చూపవలసివచ్చెను. 2001లో గాని ఈ భేదము తొలగలేదు.

లేవీయకాండము 20:10 ఇద్దరినీ దోషులుగా ఎంచినది. యోహాను 8లో జనులు స్త్రీని మాత్రమే తెచ్చిరి, పురుషుడు ఎక్కడ? హోషేయ గ్రంథములో దేవుడే వంచితుని స్థానములో నిలిచి మాటలాడుచున్నాడు. కాబట్టి గాయపడిన భార్య కాపరియొద్దకు వచ్చినప్పుడు, 'సర్దుకొనుమమ్మా' అని పంపివేయుటకు ముందు ఆమె మాట పూర్తిగా వినుట మన పరిచర్యలో మొదటి మెట్టు. ఐదు శతాబ్దములకు పూర్వమే తిరుమలలో ఆ మాటను రాగిపై చెక్కించిరి. మన సంఘములలో దానిని వినువారు ఉండవలెను.