పైన ఎవరూ లేరు

కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు రెండు మూడు చుట్లు బద్ధకంగా తిరిగి ఆగాయి. ఫోనులో టైము నాలుగుంపావు. కూకట్‌పల్లి వైపు ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, మూడో ఫ్లోరు, మీ పడకగది. ఇన్వర్టర్ బ్యాటరీ పోయినవారమే చచ్చింది కాబట్టి గాలి లేదు. చెవులు మాత్రం తెరుచుకున్నాయి. ఇంతసేపూ ఫ్యాను హోరు కింద అణిగి ఉన్న చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.

ముందు తలవైపు గోడ. అవతలి ఫ్లాటు పెద్దాయన ఫోన్లో మాట్లాడుతున్నాడు. అమెరికాలో ఉన్న కొడుకుతోనే అయ్యుంటుంది, అక్కడింకా సాయంత్రమే కదా. గొంతు తెలుస్తోంది, కోపం తెలుస్తోంది, మాట తెలియడం లేదు. ఆ, ఊ, ఓలు మొద్దుబారి ఇటు వస్తున్నాయి. క, త, స, షలు అటే ఉండిపోతున్నాయి. మీ ఇద్దరి మధ్యా ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగు. చదరపు మీటరుకు రెండు వందల కిలోల పైమాటే. పెద్దాయన గొంతు ముందు గాలిని కదపాలి, ఆ గాలి ఇంత బరువును ఊపాలి, ఊగిన గోడ మళ్లీ మీ వైపు గాలిని కదపాలి. బరువైనదాన్ని నెమ్మదిగా ఊపడమే కష్టం, వేగంగా ఊపడం మరీ కష్టం. అచ్చుల బలమంతా సెకనుకు కొన్ని వందల కంపనాల దగ్గర ఉంటుంది. స, ష లాంటివి వేలల్లో నడుస్తాయి. మాటను మాటగా నిలబెట్టేవి ఎక్కువగా ఆ హల్లులే. అవి రాలిపోయాక మిగిలేది తిట్టు తాలూకు రాగమే.

ఇలాంటి గోడ సుమారు 45 డెసిబెల్స్ ఆపుతుంది. అంటే అటు తగిలిన శక్తిలో 30,000 వంతులకు ఒక వంతు ఇటు వచ్చినట్టు. దానికే మీకు నిద్ర రావడం లేదు. పోనీ తొమ్మిది అంగుళాల గోడ కట్టించి బరువు రెట్టింపు చేస్తే? ఇంకో ఐదారు డెసిబెల్స్ తగ్గుతాయి, అంతే. పోయే జాగాకూ పెట్టే డబ్బుకూ అది గిట్టుబాటు బేరం కాదని నా ఉద్దేశం.

మంచం పక్క స్విచ్‌బోర్డు దగ్గర ఒక్కసారి చెవి పెట్టండి. మర్యాద కాదు, నిజమే, కానీ ఒక్క క్షణం. "ఆ ఇల్లు ఇప్పుడెందుకురా" అన్న మాట అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. గోడకు అటూ ఇటూ ఎదురెదురుగా ఒకేచోట స్విచ్‌బాక్సులు బిగించారు. మధ్యలో ఇటుకే మిగల్లేదు. తలుపు కింద సందు సంగతీ ఇంతే. పది చదరపు మీటర్ల గోడకు తలుపు కింద వేలెడు సందుందనుకోండి. వైశాల్యంలో అది వెయ్యింట ఒక వంతు. ఆ ఒక్క వంతు చాలు, మిగతా గోడంతా ఎంత గట్టిదైనా మొత్తం మీద 30 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతారు. చీమ దూరే సందులో చప్పుడు ఏనుగంత దూరుతుంది.

అప్పుడు మొదలైంది.

దబ్. దబ్. దబ్. ఒక క్షణం ఆగి మళ్లీ దబ్, దబ్. నెత్తిమీద, సరిగ్గా మీ మంచం పైన. పై ఫ్లాటువాళ్లు ఈ వేళప్పుడు మంచాలు జరుపుతున్నారా, మేకులు కొడుతున్నారా? చెప్పులు వేసుకుని మెట్లెక్కుతారు. నాలుగో ఫ్లోరు గడప ముందు రెండు పాలప్యాకెట్లు, ఒక పేపరు. తలుపుకు తాళం. టార్చిలైటు పట్టుకుని వాచ్‌మన్ వెనకాలే వచ్చాడు.

"పైన ఎవ్వరు లేరు సార్. మొన్ననే ఊరికి పోయిన్రు."

దబ్, దబ్. తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఇద్దరూ వింటున్నారు. ఇప్పుడది ఐదో ఫ్లోరు నుంచి వస్తున్నట్టుంది. వాచ్‌మన్ ముఖంలో రంగు మారింది. అతనేం అనుకుంటున్నాడో అడక్కండి.

మీ చెవి అబద్ధమాడలేదు. శబ్దం నిజంగా కప్పు నుంచే వచ్చింది. దెబ్బ మాత్రం అక్కడ పడలేదు. చప్పుడు రెండు చెవులకూ చేరడంలో సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని తేడాను పట్టుకుని మెదడు దిక్కు చెబుతుంది. కానీ ఇక్కడ గాలిని కదుపుతున్నది స్లాబు అడుగుభాగమంతా. దానికి ఆ కదలిక ఏ పిల్లరు గుండా వచ్చిందో చెవి ఎలా కనిపెడుతుంది? కాంక్రీటులో అల సెకనుకు దాదాపు నాలుగు కిలోమీటర్లు పోతుంది. గాలిలో అయితే 340 మీటర్ల చిల్లర. పాత బిల్డింగులు ఎంత గట్టిగా ఉన్నాయో చూడ్డానికి వచ్చే ఇంజినీర్లు ఈ వేగాన్నే కొలుస్తారు. ఒకవైపు నుంచి చెవికందని అలను పంపి, రెండోవైపు ఎప్పుడొచ్చిందో చూస్తారు. లోపల పగుళ్లుంటే, గుల్లలుంటే అల చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తుంది. 2018 దాకా అమల్లో ఉన్న 1992 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13311 లెక్కన వేగం సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు మంచిది, 3 కంటే తగ్గితే అనుమానించాల్సి వచ్చేది. అంటే మంచి కాంక్రీటు దొరికినందుకు సంతోషించాలో, అది చప్పుళ్లను ఇంత చక్కగా మోస్తున్నందుకు ఏడవాలో తెలియని ఇల్లు మనది.

మీ ఫ్లాటుకు దిగి వంటింట్లోకి వెళ్లండి. ఓ స్టీలు గ్లాసు తీసుకుని మూతిని పిల్లరుకు ఆనించి, అడుగుకు చెవి పెట్టండి. పిల్లల ఆటలా కనిపించినా దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1816లో పారిస్‌లో లాయెనెక్ అనే డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద ఆనించాడు. స్టెతస్కోపు పుట్టింది అక్కడే. మీ గ్లాసులో ఇప్పుడు దబ్ అన్నది ఠక్‌మంటోంది. రాయి మీద రాయి పడుతున్న చప్పుడు. కప్పు దగ్గర కంటే ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది.

గ్లాసు చేతపట్టుకుని మెట్లు దిగుతారు. రెండో ఫ్లోరులో గోడకు పెడితే ఇంకా గట్టిగా. ఒకటో ఫ్లోరులో గ్లాసుతో పనే లేదు. వాచ్‌మన్ తలుపు కొట్టాడు. కొవ్వొత్తి పట్టుకుని ఒకామె తలుపు తీసింది. వీధి మలుపులో టిఫిన్ బండి ఈమెదే, ఆరింటికల్లా మొదటి వాయి ఇడ్లీ దిగాలి. వంటింటి గట్టు మీద చిన్న నల్లరాతి రోలు, పక్కన రోకలిబండ. ఇల్లంతా అల్లం వాసన.

"అయ్యో, మీదాకా వినపడిందా అన్నయ్యగారూ? కరెంటు లేదు కదండీ, మిక్సీ ఎలా తిరుగుద్ది? అల్లప్పచ్చడి లేకపోతే ఊరుకోరు."

గట్టును చూడండి. రెండు సెంటీమీటర్ల గ్రానైటు పలక, కింద సిలిండరు కోసం ఖాళీ, వెనక అంచు గోడలోకి దిగి ఉంది. పెద్దాయన గొంతుకు అడ్డుపడ్డ గోడ ఈ రోకలికి అడ్డు రాలేదు. గాలిలో వచ్చే శబ్దం కాంక్రీటుకు తగిలితే వెయ్యింట 999 పాళ్లకు పైగా వెనక్కి తుళ్లిపోతుంది. గాలి అంత పల్చన, కాంక్రీటు అంత గట్టి, రెంటికీ పొత్తు కుదరదు. రోకలి గాలితో మొదలుపెట్టలేదు. నేరుగా రాతిని కొట్టింది. రాయి గోడను, గోడ బీమును, బీము పిల్లరును, పిల్లరు మీ కప్పును కదిపాయి. గాలిలోకి దిగింది చిట్టచివర మీ మంచం పైన మాత్రమే. మధ్యలో ఎన్ని గోడలు లేపినా అవీ ఆ దారిలోనే కలుస్తాయి. గోడలకు గుడ్ల అట్టలు అంటించుకునేవాళ్లకూ ఇక్కడే భంగపాటు. అవి గదిలో మారుమోతను కొంత తగ్గించగలవేమో కానీ పిల్లరులో నడిచే దెబ్బకు వాటితో సంబంధమే లేదు.

"ఓ పాత తువ్వాలుంటే రోలు కింద వెయ్యక్కా. నేను పైకి పోయి ఫోన్ చేస్తా."

మూడో ఫ్లోరుకు చేరి ఫోన్ చేస్తారు. "దంచు." పదును పోయింది. ఠక్కులేవీ లేవు, బరువైన దబ్బులు మాత్రం సన్నగా వస్తున్నాయి. మెత్త తక్కువైతే అంతే, పైస్థాయి కంపనాలు ఆగిపోతాయి, కిందివి దాటుకుంటాయి. ఫంక్షన్ హాలు డీజేలో పాట వినిపించకుండా డ్రమ్ము దెబ్బలే మీ కిటికీ దాకా రావడం కూడా కింది స్థాయి శబ్దాల మహిమే. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచి రూల్సున్నాయి, డ్రమ్ములు చదివినట్టు లేవు.

"గట్టు మీంచి తీసి నేల మీద పెట్టక్కా. కింద గోనెసంచి నాలుగు మడతలు వెయ్యి."

ఈసారి ఫోన్లో దంచుతున్న చప్పుడు వినిపిస్తోంది, కప్పులో వినిపించడం లేదు. చెవి రిక్కిస్తే ఎక్కడో ఉందో లేదో అన్నంత. పలుచటి పలక తేలిగ్గా ఊగుతుంది, అంగుళాల మందం స్లాబు అదే దెబ్బకు అంతగా కదలదు, మధ్యలో గోనె మెత్తదనం ఒకటి. ఒకటో ఫ్లోరు కింద ఉన్నది పార్కింగే కాబట్టి అటు నిద్రపోయేవాళ్లూ లేరు.

"నడుం వంగట్లేదండీ నేల మీదైతే. రోలుకు ఓ రబ్బరు చాప కొనుక్కుని మళ్లీ గట్టెక్కిస్తా," అందామె ఫోన్లో.

"మందంగా ఉండేది కొను. పల్చటిదైతే దబ్బులు మళ్లీ నా దగ్గరికే వస్తాయి."

కింది నుంచి వాచ్‌మన్ ఫోను లాక్కున్నట్టున్నాడు. "సార్, మరి పైనోళ్లు ఊరికెల్లి వచ్చినంక కుర్చీలు గుంజుతరు గదా, దానికేం జేద్దాం?"

"కుర్చీ కాళ్లకు రబ్బరు బుష్‌లు. రేపు హార్డ్‌వేర్ షాపుకి పోతావు కదా, ఓ రెండు డజన్లు పట్రా."

"వాళ్లకా మనకా, పైసలు ఎవరిస్తరు సార్?"

"నేనిస్తా. తెచ్చి వాళ్లకు బిగించు."