జెట్‌ బోటు పంపు అరిగితే.. వేగమే కాదు, చుక్కానీ పోయినట్లే!

ఇంజిను గర్జిస్తుంది, పడవ మాత్రం ముందుకు కదలదు. జెట్‌ బోట్లలో తరచూ ఎదురయ్యే సమస్య ఇది. ఇలాంటప్పుడు చాలామంది ఇంజినును విప్పిస్తారు. అసలు లోపం మాత్రం పడవ వెనుక భాగంలోని పంపులో ఉంటుంది. తిరిగే రెక్కలకు, వాటి చుట్టూ ఉన్న ఉంగరానికి మధ్య ఖాళీ ఒక్క మిల్లీమీటరు పెరిగినా పంపు శక్తి గణనీయంగా తగ్గిపోతుంది.

లోతులేని నదులే పుట్టిల్లు

న్యూజిలాండ్‌ దక్షిణ ద్వీపంలోని నదులు లోతు తక్కువ, రాళ్లు ఎక్కువ. అక్కడ మామూలు పడవల ప్రొపెల్లర్లు రాళ్లకు తగిలి విరిగిపోయేవి. ఐరిష్‌మన్‌ క్రీక్‌ పశుక్షేత్రం యజమాని బిల్‌ హామిల్టన్‌ దీనికి పరిష్కారంగా 1950వ దశకంలో నీటిధారతో నడిచే పడవను రూపొందించారు. ఈ పడవలు 1960లో అమెరికాలోని కొలరాడో నదిలో గ్రాండ్‌ కాన్యన్‌ గుండా ఎదురీదాయి. ఎవరెస్టు విజేత ఎడ్మండ్‌ హిల్లరీ 1977లో గంగాసాగర్‌ నుంచి గంగానదికి ఎదురుగా హిమాలయాల వైపు సాగించిన యాత్రకూ జెట్‌ బోట్లనే ఎంచుకున్నారు. మన తీరంలోనూ, నదుల్లోనూ పర్యాటకులు ఎక్కే వాటర్‌ స్కూటర్లు, తీర రక్షక దళం వాడే వేగపు పడవల్లో కొన్ని ఇదే సూత్రంపై నడుస్తాయి.

పనిచేసేది ఇలా..

పడవ అడుగున ఉన్న జాలీ గుండా నీరు పంపులోకి చేరుతుంది. ఇంపెల్లర్‌ అనే రెక్కల చక్రం దానిని వేగంగా వెనుకకు నెడుతుంది. సుడి తిరుగుతున్న నీటిని స్టేటర్‌లోని కదలని రెక్కలు తిన్నగా మారుస్తాయి. చివరన సన్నని నాజిల్‌ గుండా నీరు ధారగా చిమ్మడంతో పడవ ముందుకు సాగుతుంది. ఈ పడవకు ప్రత్యేకంగా చుక్కాని ఉండదు. నాజిల్‌ను పక్కకు తిప్పితేనే పడవ తిరుగుతుంది. అంటే ధార లేకుంటే దిశ కూడా చేతిలో ఉండదు. వడి ఎక్కువగా ఉన్న ప్రవాహంలో పంపు మొరాయిస్తే ప్రాణాపాయమే.

అరుగుదలకు గుర్తులు

ఇసుక కలిసిన నీరే పంపుకు ప్రధాన శత్రువు. అది రెక్కల అంచులను, వేర్‌ రింగ్‌ అనే ఉంగరాన్ని నిరంతరం గీరుతుంది. ఖాళీ పెరిగిన కొద్దీ, నెట్టిన నీరు అంచుల మీదుగా తిరిగి ముందుకే జారుతుంది. ఇంజిను చుట్లు పెరిగినా వేగం తగ్గడం, బయలుదేరేటప్పుడు పట్టు లేకపోవడం, పంపులో గులకరాళ్లు కదిలినట్లు చప్పుడు రావడం దీనికి గుర్తులు. అయితే జాలీకి గుర్రపుడెక్క, తాడు, ప్లాస్టిక్‌ సంచి చుట్టుకున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కాబట్టి విప్పే ముందు జాలీని పరిశీలించడం తప్పనిసరి.

విప్పే క్రమం

పడవను ఒడ్డుకు చేర్చి, బ్యాటరీ తీగ తొలగించాకే పంపులో చేయి పెట్టాలి. స్టీరింగు, రివర్సు కడ్డీల అమరికను ఫొటో తీసుకుని, గుర్తులు పెట్టుకోవాలి. ఉప్పునీటిలో తిరిగిన పడవ బోల్టులు బిగుసుకుపోయి ఉంటాయి. వాటిపై తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని గంటలు ఆగడం మేలు. అనంతరం నాజిల్‌ను, స్టేటర్‌ భాగాన్ని వెనుకకు లాగాలి. ఇవి బరువైనవి కాబట్టి కింద ఆధారం ఉంచాలి. అతుకుల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి పెకలిస్తే అల్యూమినియం అంచు దెబ్బతిని నీరు కారుతుంది.

వేర్‌ రింగ్‌ అమరికను బట్టి, వీలైన దశలో ఇంపెల్లర్‌ను తీయకముందే ప్రతి రెక్క వద్ద ఫీలర్‌ గేజితో ఖాళీని కొలవాలి. కొన్ని వాటర్‌ స్కూటర్లకు 0.6 మిల్లీమీటర్లే గరిష్ఠ హద్దు. పెద్ద పంపులకు హద్దు వేరుగా ఉంటుంది కనుక తయారీదారు మాన్యువలే ప్రమాణం. ఖాళీ ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉంటే బేరింగు అరిగిందని అనుమానించాలి. అప్పుడు ఉంగరం ఒక్కటే మార్చడం వృథా ఖర్చు.

షాఫ్టు చివరి నట్టును విప్పి, ఇంపెల్లర్‌ను పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో కొడితే షాఫ్టు వంగుతుంది. వాటర్‌ స్కూటర్లలో సాధారణంగా ఇంపెల్లర్‌ను మరలతో బిగిస్తారు. దానికి ప్రత్యేక పనిముట్టు కావాలి.

ఏవి మార్చాలి?

రెక్కల అంచుల్లో చిన్న నొక్కులుంటే ఆకురాయితో సరిచేయవచ్చు. పెద్దవైతే వెల్డింగు చేయించి, లేతు పట్టించి, బరువు సమతూకం చూడాలి. వేర్‌ రింగ్‌ను కొత్తది వేయాలి. బేరింగును చేత్తో తిప్పితే గరగరలాడినా, నూనె పాలరంగులోకి మారినా సీలు గుండా నీరు చేరినట్లే. విప్పిన సీళ్లు, రబ్బరు రింగులను తిరిగి వాడరాదు. తుప్పు నుంచి పంపును కాపాడే జింకు ముక్క సగం కరిగిపోతే మార్చాలి. అల్యూమినియంలో బిగించే స్టీలు బోల్టులకు రక్షణ పూత రాయాలి.

బిగించాక..

నట్లన్నింటినీ మాన్యువలులో సూచించిన బిగువుకు టార్క్‌ రెంచితో బిగించాలి. షాఫ్టును చేత్తో తిప్పినప్పుడు రెక్కలు ఎక్కడా రాసుకోకూడదు. స్టీరింగు ఇరువైపులా పూర్తిగా తిరగాలి. నీటితోనే చల్లబడే బేరింగులు, సీళ్లు ఉన్న పంపును ఒడ్డున ఉత్తినే తిప్పితే అవి కాలిపోతాయి. పడవను నీటిలోకి దించాక తొలుత లోపలికి నీరు ఊరుతోందేమో చూసి, అనంతరమే నిదానంగా వేగం పెంచాలి. ఎన్ని చుట్ల వద్ద ఎంత వేగం వచ్చిందో ఆ రోజే రాసిపెట్టుకుంటే మేలు. మళ్లీ అరుగుదల మొదలైతే, పడవ నడి ప్రవాహంలో మొరాయించకముందే ఆ లెక్క హెచ్చరిస్తుంది.