వేగమునకు కళ్ళెము: పాత ఫోర్డుకు కొత్త బ్రేకులు

మోటారు కారు చరిత్ర వ్రాసినవారిలో పలువురు ఇంజను చరిత్రనే వ్రాసి, అదియే కారు చరిత్ర యనుకొన్నారు. ఇంజను బలమెంత, గంటకెన్ని మైళ్ళు పోగలదు, ఏ పందెమున ఎవరు గెలిచినారు - ఆ పుస్తకములలో ఇవియే ప్రధానముగా కనిపించును. గుఱ్ఱము ఎంత వడిగా పరుగెత్తునో చెప్పినంత మాత్రమున రౌతు క్షేమము తెలియదు. కళ్ళెము మాట కూడ చెప్పవలెను.

ఈ ప్రసంగమునకు విషయము ఆ కళ్ళెమే. అమెరికాలో, ముఖ్యముగా కాలిఫోర్నియా రాష్ట్రమున, సామాన్య యువకులు తమ ఇండ్ల షెడ్లలో పాత ఫోర్డు కార్లకు బ్రేకులను, గేరుపెట్టెలను మార్చుకొన్న వృత్తాంతమిది. కంపెనీవారు ఆలస్యము చేసిన పనిని వీరు ముందుకు తెచ్చినారని నా అభిప్రాయము. అది ఎట్లు జరిగినదో చూతము.

ఫోర్డు కంపెనీ 1908లో మోడల్ టీ అను కారును విడుదల చేసినది. 1927లో దానిని నిలిపివేయునప్పటికి కోటి యేబది లక్షలకు పైగా కార్లు తయారైనవి. నేటి డ్రైవరును ఆ కారులో కూర్చుండబెట్టినచో తికమకపడును. కాలి క్రింద మూడు పెడళ్ళున్నవి గాని, వాటిలో యాక్సిలరేటరు లేదు. అది స్టీరింగు క్రింద చేతిమీటగా ఉండును. ఎడమ పెడలును పూర్తిగా అదిమిన మొదటి గేరు, వదలిన రెండవ గేరు. నడిమి పెడలు వెనుకకు నడుపుటకు. కుడి పెడలు బ్రేకు. చిత్రమేమనగా, ఆ బ్రేకు చక్రములను పట్టుకొనదు. గేరుపెట్టెలో నూనెలో తిరుగు ఒక డ్రమ్మును పట్టీతో బిగించును. ఆ పట్టు అచ్చటినుండి షాఫ్టు మీదుగా, ఇరుసు మీదుగా వెనుక చక్రములకు చేరవలెను. నడుమ ఏది విరిగినను పెడలు బ్రేకు మాయము! అప్పుడు మిగులునది వెనుక చక్రముల మీద పనిచేయు చేతి బ్రేకు మాత్రమే.

ఆ కారుకు గేర్లు రెండే. కొండదారిలో మొదటిది మరీ నెమ్మది. రెండవదానిలో ఇంజను లాగలేదు. అందుచేత రక్‌స్టెల్ ఇరుసు అను వస్తువు బజారులోనికి వచ్చినది. వెనుక ఇరుసులోనే రెండు విధముల గేర్లు అమర్చుటచే మొత్తము నాలుగు వేగములు లభించినవి. అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. ఇరుసులోని గేరు మార్చునప్పుడు నడుమ న్యూట్రలులో చిక్కుకొన్నచో, గేరుపెట్టెకును చక్రములకును సంబంధము తెగిపోవును. ఆ సంబంధము తెగిన పెడలు బ్రేకును తెగినట్లే. కారు కొండ దిగుచుండగా ఇట్లు జరిగినచో ఏమగునో శ్రోతలు ఊహించుకొనగలరు. కనుకనే వెనుక చక్రముల డ్రమ్ములను వెలుపలినుండి పట్టుకొను ప్రత్యేకపు బ్రేకులు అమ్మకమునకు వచ్చినవి. వాటిని రాకీ మౌంటెన్ బ్రేకులందురు. గేరు మార్చదలచినవాడు బ్రేకు సంగతి మొదట చూచుకొనవలెనని ఆ దినములలోనే తేలినది.

1927 డిసెంబరులో మోడల్ ఏ వచ్చినది. దానికి నాలుగు చక్రములకును బ్రేకులున్నవి, మూడు గేర్లున్నవి, ఇంజను బలము 40 అశ్వశక్తి. 1932లో ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజను వచ్చినది. అది 65 అశ్వశక్తి. సామాన్యుడు కొనగలిగిన వెలకు అటువంటి ఇంజను అంతకుముందు లేదు. నాలుగైదేండ్లలో బలము ఇంతగా పెరిగినది గాని, పెడలునుండి చక్రము వరకు బ్రేకును లాగుటకు ఉన్నవి మాత్రము ఆ ఉక్కు కడ్డీలే.

ఇక్కడ కొంచెము లెక్క అవసరము. వేగము రెట్టింపైనచో కారును నిలుపుటకు అణచవలసిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలగును. గంటకు 30 మైళ్ళ వేగమున పోవు కారుకంటె 60 మైళ్ళ వేగమున పోవు అదే కారులో నాలుగింతల శక్తి ఉన్నది. బ్రేకు వేయగానే ఆ శక్తి డ్రమ్ములలో వేడిగా మారవలెను. కడ్డీల బ్రేకు ఈ పనికి బొత్తిగా పనికిరానిదని చెప్పరాదు. చక్కగా సరిచేసిన దినమున అదియు కారును నిలుపును. కాని ఆ సరిచేయుట ఎన్ని దినములు నిలుచును? కడ్డీల చివర కీళ్ళు, పిన్నులు అరుగును. ఒక చక్రము ముందు పట్టును, ఒకటి వెనుక పట్టును. కారు ప్రక్కకు లాగును. వానలో ఇట్లు లాగినచో కారు తిరుగబడును.

దీనికి విరుగుడు పదిహేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమునందలి పాస్కల్ చెప్పిన సూత్రములో ఉన్నది. మూసియున్న ద్రవము మీద ఒకచోట ఒత్తిడి కలిగించిన, ఆ ఒత్తిడి అన్ని వైపులకును సమానముగా వ్యాపించును. ఒక పిచికారీని నాలుగు చిన్న పిచికారీలకు గొట్టములతో కలిపి, అన్నింటిని నీటితో నింపి పెద్దదానిని అదిమినచో, నాలుగింటిలోను ఒత్తిడి ఒక్కటే. గొట్టము వంకరగా పోయినను, చక్రము మిట్టపల్లములకు ఎగిరిపడినను భేదము లేదు. విమాన నిర్మాణములో పేరుపొందిన లాక్‌హీడ్ సోదరులలో ఒకడైన మాల్కం ఈ సూత్రమును కారు బ్రేకులకు అన్వయించినాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ అను ఖరీదైన కారు నాలుగు చక్రములకును ఇట్టి హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చినది. 1924లో క్రైస్లరు, 1928లో చౌకకారైన ప్లిమత్, 1936లో షెవ్రొలే దానిని అనుసరించినవి. ఫోర్డు మాత్రము కదలలేదు. హెన్రీ ఫోర్డునకు గొట్టములలోని ద్రవముపై నమ్మకము లేదు. ఉక్కే నమ్మదగినదని కంపెనీ తన ప్రకటనలలో గొప్పగా చెప్పుకొన్నది. 1937లో కడ్డీలు పోయి ఉక్కుతీగలు వచ్చినవి గాని ద్రవము రాలేదు. తుదకు 1939 మోడలుతో ఫోర్డు కారుకు హైడ్రాలిక్ బ్రేకులు అమరినవి. పదునెనిమిదేండ్ల ఆలస్యము! పట్టుదల గొప్ప గుణమే గాని, బ్రేకుల విషయమున దాని వెల చెల్లించినవారు కారు నడిపినవారు.

ఇక కాలిఫోర్నియాకు పోదము. లాస్ ఏంజెలిస్ నగరమునకు ఉత్తరముగా మొహావీ ఎడారిలో మ్యూరాక్ అను ఎండిపోయిన సరస్సు కలదు. దాని అడుగు పలకవలె చదునైనది. నగరమునందలి యువకులు ఆదివారములలో అచ్చటికి పోయి తమ పాత ఫోర్డుల వేగమును పరీక్షించుకొనెడివారు. ఈ కార్లకే తరువాత హాట్ రాడ్ అను పేరు వచ్చినది. వేగమును కొలుచుటకు వారి క్లబ్బులు కలసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషనును స్థాపించుకొన్నవి. ఎడారిలో బ్రేకుతో పని తక్కువ. మైళ్ళ పొడవున ఖాళీ నేల ఉన్నందున కారు తనంత తానే నెమ్మదించి నిలుచును. బరువు తగ్గుటకై ముందు బ్రేకులను ఊడదీసినవారును కలరు. కాని సాయంకాలము అదే కారులో నగరమునకు తిరిగి రావలెను. వీధులలో పిల్లలుందురు, ట్రాములుండును. ఎడారిలో నూరు మైళ్ళ వేగము చూచిన ఇంజను వారి ముందు, 1932 నాటి కడ్డీలు వారి కాలి క్రింద. ఆలోచనాపరులైనవారికి నిద్ర పట్టని విషయమిది.

ఇచ్చట ఫోర్డు మొండితనమే వీరికి మేలు చేసినది. ఒక్క బ్రేకుల విషయముననే కాదు, ఇరుసుల విషయమునను ఆ కంపెనీ మారలేదు. ముందొక అడ్డపట్టీ స్ప్రింగు, వెనుకొక అడ్డపట్టీ స్ప్రింగు, వాటి క్రింద నిండు ఇరుసు - 1908నుండి 1948 వరకు ఇదే అమరిక. అందుచేత కొత్త కారు భాగము పాత కారునకు కొద్ది మార్పుతో అమరును. ప్రమాదములో నుజ్జయిన 1940 నాటి ఫోర్డు పాతసామాను దొడ్డిలో దొరికిన, దాని బ్రేకులు విప్పి తెచ్చి 1932 కారునకు తగిలించవచ్చును. 1939 బ్రేకులకంటె 1940 బ్రేకులనే వారు ఏరికోరి తెచ్చుకొన్నారు. కారణము చిన్నదే: 1936నుండి 1939 వరకు చక్రపు బోల్టులు చాల పెద్ద వలయమున ఉండెను, 1940లో అవి మరల అయిదున్నర అంగుళముల వలయమునకు వచ్చినవి. పాత మోడల్ ఏ చక్రమునకును అదే కొలత. కనుక పాత చక్రము కొత్త డ్రమ్ము మీద తిన్నగా కూర్చుండును.

పని ఎట్లు సాగెడిదో చెప్పెదను. మొదట కడ్డీలను, వాటిని కదల్చు అడ్డ షాఫ్టును తీసివేయవలెను. చక్రముల వెనుక పలకలను, 12 అంగుళముల డ్రమ్ములను, షూలను అమర్చవలెను. పెడలు దగ్గర మాస్టరు సిలిండరును నిలుపుటకు ఛాసిస్ మీద బ్రాకెట్టు కట్టవలెను. ఇది పాత కారులో లేని భాగము గనుక ఎవరికి వారే తయారు చేసుకొనవలసినది. పిమ్మట ఉక్కు గొట్టములను వంచి, వాటి చివరలను గరాటువలె విప్పార్చి బిగించవలెను. ముందు చక్రములు తిరుగును గనుక అచ్చట రబ్బరు గొట్టములు. తరువాత గాలి తీయుట, అనగా బ్లీడింగు. గాలి నొక్కిన కుంచించుకొనును, ద్రవము కుంచించుకొనదు. గొట్టములో బుడగ మిగిలినచో పెడలు మెత్తగా దిగబడును, కారు నిలువదు. ఈ పని ఒక్కని వలన కాదు. ఒకరు పెడలు తొక్కుచుండగా ఇంకొకరు చక్రము వద్ద మర విప్పి, బుడగ రానంతవరకు ద్రవమును పోనీయవలెను. దూరపు చక్రముతో మొదలుపెట్టి దగ్గరకు రావలెను. 

గేరుపెట్టె సంగతి కొంత సులువు, కొంత కష్టము. మోడల్ ఏ గేర్లను మార్చునప్పుడు క్లచ్చిని రెండుమార్లు తొక్కవలెను. లేనిచో పండ్లు కరకరలాడును. 1932 వీ-8లో రెండవ, మూడవ గేర్లకు సింక్రోమెష్ వచ్చినది; తిరుగుచున్న రెండు చక్రములను సమవేగమునకు తెచ్చి కలుపు ఏర్పాటది. 1939లో దానిని ఇంకను మెరుగుపరచినారు. 1940లో గేరుకడ్డీ స్టీరింగు కాండము మీదికి పోయినది. కావున నేలనుండి లేచు కడ్డీయు, మంచి సింక్రోమెష్సును రెండును గల 1939 గేరుపెట్టె బంగారమువంటిదైనది. దానిలో లింకన్ జెఫిర్ కారు గేర్లను పెట్టి, గేరుకు గేరుకు నడుమ ఎడము తగ్గించుకొన్న నేర్పరులును కలరు. కష్టమెక్కడ అనగా, ఫోర్డు కార్లలో గేరుపెట్టెనుండి వెనుక ఇరుసుకు పోవు షాఫ్టు ఒక లావుపాటి గొట్టములో మూసియుండును. దానిని టార్క్ ట్యూబు అందురు. కారును ముందుకు నెట్టు బలమంతయు ఆ గొట్టము ద్వారానే చేరును. గేరుపెట్టె పొడవు మారిన గొట్టమును, షాఫ్టును కోసి సరిపెట్టవలెను.

పోలీసులును, పత్రికలును ఈ యువకులను చాలకాలము దుండగులుగనే చూచినవి. వీధులలో పందెములు వేసి ప్రాణములు తీసినవారు లేకపోలేదు; ఆ నింద పూర్తిగా అబద్ధము కాదు. 1948 జనవరిలో హాట్ రాడ్ అను పత్రిక వెలువడినది. 1951లో దాని సంపాదకుడు వాలీ పార్క్స్ జాతీయ హాట్ రాడ్ సంఘమును స్థాపించినాడు. పందెములను వీధులనుండి నియమిత స్థలములకు మరలించుట, కార్లను ముందుగా తనిఖీ చేయుట ఆ సంఘము పెట్టుకొన్న పనులు. తనిఖీలో బ్రేకు సరిగా లేని కారు పందెమునకు పోలేదు. ఇంజను గొప్పలు చెప్పుకొను కుఱ్ఱవాండ్రకు ఇంతకు మించిన పాఠశాల ఏది?

ఆ పాత కార్లు నేటికిని ఇండ్లలో విప్పబడుచున్నవి. తెలివి మాత్రము పెరిగినది. 1940 నాటి మాస్టరు సిలిండరులో గది ఒక్కటే. ఎక్కడ కారినను నాలుగు చక్రముల బ్రేకులును పోవును. 1968నుండి అమెరికాలో కొత్త ప్రయాణీకుల కార్లకు రెండు భాగముల ఏర్పాటు తప్పనిసరి చేసినారు. కనుక నేడు పాత కారు బాగుచేయువాడు మొదట కొనదగినది రెండు గదుల మాస్టరు సిలిండరు. నా మట్టునకు, డిస్కు బ్రేకులకంటెను ఇది ముఖ్యము. డిస్కులు పెట్టువారు ఇంకొక సూక్ష్మము గమనింపవలెను. పాత ఫోర్డులో సిలిండరు నేలక్రింద ఉండుటచే ద్రవము వెనుకకు జారును. దానిని ఆపుటకు చిన్న వాల్వు పెట్టుదురు. డ్రమ్ములకు చదరపు అంగుళమునకు సుమారు 10 పౌండ్ల ఒత్తిడి నిలుపు వాల్వు, డిస్కులకు 2 పౌండ్లది. డ్రమ్ము వాల్వును డిస్కులకు పెట్టినచో బ్రేకు ఎల్లప్పుడు కొంచెము పట్టియే ఉండి కాలిపోవును.

గేర్లకు నేడు బోర్గ్ వార్నర్ టీ-5 అను అయిదు గేర్ల పెట్టె ప్రసిద్ధము. అయిదవ గేరులో ఇంజను తక్కువ చుట్లతో కారును లాగును. పాత ఇంజనుకు అది ఊరట. దానిని పెట్టువారు తరచు టార్క్ ట్యూబును తీసి తెరచియున్న షాఫ్టును వేయుదురు. అప్పుడు నెట్టుబలమును మోయుటకు వేరే బాహువులను ఇరుసునుండి ఛాసిసుకు కట్టవలెను. ఇది మరచినచో ఇరుసు తన చోటున నిలువదు.

ఇంటిలో పని చేయువారికి ఒక ప్రమాదము కంటికి కనబడదు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండును. డ్రమ్ము విప్పగానే లోని నల్లని దుమ్మును నోటితోగాని గాలిపంపుతోగాని ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవేయవలెను. పిల్లలను ఆ ఛాయలకు రానీయరాదు.

పని ముగిసిన పిదప కారును వెంటనే రహదారి మీదికి తీయరు. మొదట నిలిచియున్న కారులోనే పెడలును గట్టిగా అదిమి పట్టి, గొట్టముల కీళ్ళ వద్ద తడి యున్నదేమో చూతురు. పిదప ఖాళీ స్థలములో పది మైళ్ళ వేగమున, ఇరువది మైళ్ళ వేగమున నిలిపి చూచి, డ్రమ్ములను తాకి ఏది ఎక్కువ వేడెక్కినదో తెలిసికొందురు. తీసివేసిన కడ్డీలను, అడ్డ షాఫ్టును మాత్రము తెలిసినవారు పాతసామానుకు అమ్మరు. వాటికి గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, ఏ చక్రమునకు ఏది యని చీటీ కట్టి, షెడ్డులో పై అర మీద దాచియుంచుదురు.